సాక్షిగా రచయిత: గురజాడ రెండు పీఠికలు చెప్పే పాఠం

రచయిత తన పుస్తకం గురించి తానే మాట్లాడటం తెలుగులో కొత్త అలవాటు కాదు. మన కావ్యాల అవతారికలు ఒక రకంగా ఆ పనే చేశాయి. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు అనే చట్రంలోనే కవి తన రచన ఎందుకు పుట్టిందో, ఎలాంటిదో చెప్పుకున్నాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణం ఆరంభంలో ద్విపదనూ జానుతెనుగునూ ఎందుకు ఎంచుకున్నాడో వాదించాడు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వెళుతూ కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆగినప్పుడు ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యదను తెలుగులో రాయమన్నాడని చెప్పాడు.

అవతారిక చదివేవాడికి దాని మర్యాదలు తెలుసు. కుకవినింద కనిపిస్తే ఎవరో ఒక కవితో తగాదా ఉందనుకోడు. కల నిజంగా వచ్చిందా అని ఆరా తీయడు. నాలుగు భాషలు వినిపించే రాజ్యాన్ని ఏలే చక్రవర్తి తెలుగులో కావ్యం రాయడానికి ఆ కల ఎలాంటి అధికారాన్ని ఇస్తోందని చూస్తాడు. కవి తన గురించి చెప్పే మాటలు కూడా ఒక ప్రక్రియేనని, ఆ ప్రక్రియకు నియమాలున్నాయని ఆ చదువరి ఎరుగును.

ఈనాటి ముఖాముఖికీ, ఆవిష్కరణ సభకూ, అంతర్జాల సమావేశానికీ నియమాలు లేకపోలేదు. పాత్రలే తనను నడిపించాయనడం, ఒక్క సంఘటన వెంటాడి రాయించిందనడం, శైలి దానంతటదే వచ్చిందనడం మనకు అలవాటైన మాటలే. వాటిని మాత్రం మనం ఒక ప్రక్రియకు చెందిన మర్యాదలుగా కాక పుస్తకం గురించిన చివరి మాటగా తీసుకుంటున్నాం. విదేశాల్లో ఉన్నవారి విషయంలో ఇది మరింత నిజం. పుస్తకం సముద్రం దాటి రావడానికి వారాలు పడుతుంది, రచయిత మాట తెర మీదకు క్షణంలో వస్తుంది. చాలాసార్లు మనకు పుస్తకం కన్నా ముందు రచయితే చేరుతున్నాడు. ఆ తర్వాత పుస్తకం చేతికొచ్చినా, ఆయన చెప్పింది అందులో ఉందా అని సరిచూసుకోవడమే చదవడం అవుతోంది.

రచయిత మాటకు విమర్శలో ఎంత విలువ ఇవ్వాలి? ‘రచన వెలువడ్డాక రచయితకు దానితో పని లేదు’ అనే వాదం ఒకటుంది. అది సులభమైన వాదం, కానీ అన్యాయమైనది. రచన జరుగుతున్నప్పుడు ఆ గదిలో ఉన్నవాడు అతనొక్కడే. అందువల్ల అతని మాట సాక్ష్యం. అయితే సాక్ష్యం తీర్పు కాదు. ఎవరితో, ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ చెప్పాడో విచారించాకే దానికి విలువ ఏర్పడుతుంది. ఈ విచారణకు తెలుగులో గురజాడ అప్పారావు కన్యాశుల్కం కన్నా మంచి ఉదాహరణ నాకు కనబడదు. ఒకే నాటకం, రెండు కూర్పులు, రెండు పీఠికలు.

1897: మహారాజుకు చెప్పిన మాట

కన్యాశుల్కం 1892లో రంగస్థలం మీదికి వచ్చింది, 1897లో అచ్చయింది. విజయనగరం మహారాజా ఆనందగజపతికి అంకితమైన ఆ కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో పీఠిక రాశాడు. అందులో ముందుకొచ్చేది సంఘసంస్కరణ. మహారాజు సేకరింపజేసిన ఒక పట్టికను ఆయన వివరంగా పేర్కొంటాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1034గా ఆ లెక్కలో తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44 మంది, మూడేళ్లవారు 36 మంది, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. శుల్కం పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి సంబంధీకులు ఇష్టపడరు కనుక ఈ లెక్క సమగ్రం కాదని కూడా ఆయన చెబుతాడు.

ఈ పీఠిక ఒక నివేదికలా ఉందంటే అందుకు కారణం ఉంది. శాసనం ద్వారా ఈ ఆచారాన్ని అరికట్టాలన్న ప్రయత్నం సాగుతున్న కాలమది. మహారాజూ, ఇంగ్లీషు చదివిన సంస్కర్తలూ, ప్రభుత్వమూ ఆ పీఠికకు పాఠకులు. వారికి అంకెలు కావాలి. నాటకానికి ఒక ప్రయోజనం ఉందన్న హామీ కావాలి.

వాడుకభాష గురించి కూడా అందులో ఉంది, కానీ మితంగా ఉంది. గ్రాంథికం కన్నా వ్యావహారికం జనానికి బాగా అర్థమవుతుందనేది ఒక కారణం. తెలుగులో హాస్యానికి తగిన భాష అదేననేది రెండో కారణం. ఈ రెండో కారణాన్ని కాస్త ఆగి చూడాలి. సంస్కృత నాటకంలో విదూషకుడు ప్రాకృతం మాట్లాడతాడు. హాస్యానికి వేరే భాష ఉండవచ్చునన్నది పండితులకు కొత్త కాదు, వారు అభ్యంతరపెట్టవలసినదీ కాదు. అంటే 1897లో గురజాడ వాడుకభాషకు అడిగింది ఒక గది మాత్రమే, ఇల్లంతా కాదు.

1909: లోకానికి చెప్పిన మాట

పన్నెండేళ్ల తర్వాత వెలువడిన రెండో కూర్పు చాలా మారిన నాటకం. దానికి రాసిన కొత్త పీఠికా ఇంగ్లీషులోనే ఉంది. ఈసారి తాను నాటకం రాయడానికి రెండు ఉద్దేశాలున్నాయంటాడు. ఒకటి సంస్కరణకు తోడ్పడటం. రెండోది, తెలుగు నాటకానికి పనికిరాదన్న అపోహను తొలగించడం. పీఠిక బరువు మాత్రం భాష వైపే మొగ్గుతుంది. కృత్రిమమైన గ్రాంథికభాష, యతిప్రాసల నిర్బంధం, కాలం చెల్లిన సాహిత్యరూపాలు తెలుగువాడి బుద్ధికి ప్రతిబంధకాలయ్యాయని ఆయన వాదం. హాస్యానికి పరిమితమైన మాట ఇప్పుడు మొత్తం భాషకూ విస్తరించింది. గది అడిగినవాడు ఇల్లే తనదన్నాడు.

ఈ మధ్యకాలంలో ఏం జరిగిందో తెలిసిందే. జె. ఎ. యేట్స్, పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు రామమూర్తి, గురజాడ కలిసి బడుల్లో బతికున్న తెలుగు నేర్పాలన్న ఉద్యమాన్ని మొదలుపెట్టారు. రెండో పీఠిక ఆ వివాదం నడుమ నిలబడి మాట్లాడుతుంది. ఇప్పుడు నాటకం ఒక వాదానికి నిదర్శనం కావాలి. వాడుకభాషలో గొప్ప రచన సాధ్యమా అని అడిగేవారికి ఇదిగో అని చూపించగలిగినది కావాలి.

నాటకం ఎందుకు రాశాడన్న ప్రశ్నకు ఈ రెండు సమాధానాల్లో ఏది నిజం? రెండూ నిజమే. గురజాడ మాట మార్చాడనడం అన్యాయం. రెండో పీఠికలోని ఆలోచనకు బీజం మొదటిదానిలోనే ఉంది. అయితే ఒక పీఠికను మాత్రమే చదివినవాడు కన్యాశుల్కాన్ని సంస్కరణ నాటకంగానో వ్యావహారిక భాషోద్యమ పతాకగానో చూస్తాడు. మన పాఠ్యపుస్తకాల్లోనూ సభల్లోనూ ఎంతోకాలం ఆ నాటకానికి ఈ రెండు పేర్లే స్థిరపడటం యాదృచ్ఛికం కాదు. రచయిత ఇచ్చిన బిరుదులనే విమర్శ మోసింది.

పీఠిక చెప్పని మధురవాణి

రెండు కూర్పుల నడుమ నాటకంలో జరిగిన పెద్ద మార్పు పీఠికల వాదనలో కనబడదు. ఆ మార్పు మధురవాణి. రెండో కూర్పు ఏడంకాలకు విస్తరించడంలో పెద్ద పాలు ఆమెదే. కథను నడిపే తెలివి, ఎదుటివాడి కపటాన్ని పసిగట్టే చూపు, తన మాటకు తానే గీసుకునే నీతిరేఖ ఆమెకు ఈ కూర్పులోనే నిండుగా వచ్చాయి. సంస్కరణ కోసం మాత్రమే రాసిన నాటకానికి ఇంత మధురవాణి అక్కరలేదు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు కట్టబెట్టే పన్నాగానికి ఆమె సాయం కొంత చాలు. వ్యావహారికాన్ని నిరూపించడానికీ ఆమె అవసరం లేదు, అగ్నిహోత్రావధాన్ల కోపం ఒక్కటే ఆ పని చేయగలదు. మధురవాణి ఎందుకు అంత పెరిగిందన్న ప్రశ్నకు పీఠికల్లో సమాధానం వెతకడం వృథా. నాటకంలోనే వెతకాలి.

వెతికితే కనబడేది ఆసక్తికరమైనది. పీఠిక ఏ భాషలో ఉంది? సంస్కరణను కోరే ఇంగ్లీషులో. నాటకంలో ఆ ఇంగ్లీషు ఎవరి నోట వినిపిస్తుంది? గిరీశం నోట. వితంతు వివాహం మీద ఉపన్యాసాలిచ్చేదీ, శిష్యుడు వెంకటేశానికి ఇంగ్లీషు పలుకుబడి నూరిపోసేదీ, ఆ పలుకుబడితోనే బుచ్చమ్మకు వల వేసేదీ అతనే. రచయిత మహారాజుతో మాట్లాడిన భాషనే పాత్ర మోసానికి వాడుకుంటుంది. సంస్కరణలో నిజాయతీ గల మనిషి కూడా నాటకంలో లేకపోలేదు. సౌజన్యారావు పంతులు అటువంటివాడే. వేశ్యలను చూడనని నియమం పెట్టుకున్న ఆయన ముందుకు మధురవాణి మగవేషంలో వచ్చి, ఆ నియమానికి మనుషుల కన్నా ఎక్కువ విలువ ఉందా అని అడగకుండానే అడుగుతుంది. దొంగ సంస్కర్తనూ మంచి సంస్కర్తనూ కూడా పరీక్షించేది ఆమే. పీఠికలో గురజాడ ఏ విశ్వాసంతో మాట్లాడాడో ఆ విశ్వాసాన్ని నాటకంలో ఆయనే బోనెక్కించాడు.

ఇది ద్వంద్వవైఖరి కాదు. పీఠిక రాసేవాడు ఒక పక్షం తీసుకోక తప్పదు. నాటకం రాసేవాడికి ఆ నిర్బంధం లేదు, ప్రతి పాత్రకూ తన పక్షం తాను చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అప్పారావు పంతులు అనే పౌరుడు చెప్పినదానికీ, ఆయనలోని నాటకకర్త కనుగొన్నదానికీ మధ్య దూరం ఉంది. ఆ దూరాన్ని కొలవడమే విమర్శకుడి పని. రచయిత మాటనే నమ్ముకుంటే ఆ దూరం కనబడదు, అసలు వినకపోతే కొలవడానికి ఒక కొస దొరకదు.

ఏ సాక్ష్యం బలమైనది?

అన్ని సాక్ష్యాలూ ఒక్క బరువువి కావు. తనకు లాభం లేని చోట చెప్పిన మాటకు ఎక్కువ విలువ ఉంటుందన్న న్యాయస్థానపు సూత్రం ఇక్కడా పనికొస్తుంది. శ్రీశ్రీ ఇందుకు మంచి ఉదాహరణ. మహాప్రస్థానం 1950లో పుస్తకంగా వచ్చినప్పుడు దానికి ముందు నిలిచింది 1940లో చలం రాసిన యోగ్యతాపత్రం. కవి తరఫున మరొకరు మాట్లాడారు. తర్వాతి దశాబ్దాల్లో శ్రీశ్రీ మార్క్సిస్టు కవిగా, 1970 నుంచి విరసం అధ్యక్షుడిగా నిలిచినప్పుడు, ఆ గీతాలన్నీ మార్క్సిజాన్ని చదివి రాసినవేనని చెప్పుకోవడం ఆయనకు ఎంతో అనుకూలం. ఆయన అలా చెప్పలేదు. మహాప్రస్థానం గీతం రాసేనాటికి తనకు మార్క్సిజం తెలియదనే అన్నాడు. తన ప్రతిష్ఠకు ఎదురు వెళ్లే ఈ మాట ఆయన కవిత్వాన్ని చదివే దారినే మారుస్తుంది. సిద్ధాంతం నుంచి కవిత రాలేదనీ, కవిత నుంచే కవి సిద్ధాంతం వైపు నడిచాడనీ ఆలోచించడానికి తావిస్తుంది.

అదే శ్రీశ్రీ తన జీవితకథ అనంతాన్ని నవల అని పిలిచాడు. దాన్ని చమత్కారంగా కొట్టిపారేయకూడదు. నేను చెప్పేదీ ఒక కల్పనే, అలాగే చదువుకోండి అని సాక్షి స్వయంగా చేసిన హెచ్చరిక అది. మన అవతారికల మర్యాదను ఆధునిక కవి మరోలా గుర్తుచేశాడు.

రచయిత మాటతో తేలని ప్రశ్నలూ ఉన్నాయి. కాళీపట్నం రామారావు యజ్ఞం 1964లో వెలువడింది. బానిస బతుకు తప్పించడానికి సీతారాముడు కన్నకొడుకునే చంపే ఆ ముగింపు సబబా కాదా అన్న వాదం తరాలుగా సాగుతోంది. ఆ వాదాన్ని ముగించే అధికారం రచయితకు కూడా లేదు. ఉంటే యజ్ఞం అంత పెద్ద కథ అయ్యేది కాదు. కారా మాస్టారు కథారచన బాగా తగ్గించాక కథానిర్మాణం గురించి కొత్త రచయితలతో ఓపికగా మాట్లాడారు, రాశారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. కథల గురించి మాట్లాడిన మనిషే, కథలు దొరికే చోటు ఒకటి ఉండాలని అనుకున్నారు. మాటకు ఆధారం ఎక్కడుండాలో ఆయనకు తెలుసు.

నిజానికి ఈ వ్యాసంలో గురజాడను విచారించగలిగానంటే అందుకు మరొకరు చేసిన పని కారణం. రెండో కూర్పు కీర్తిలో మరుగునపడిన తొలి ప్రతిని బంగోరె 1969లో మొట్టమొదటి కన్యాశుల్కంగా మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. ఆ ప్రతి లేకపోతే మధురవాణి ఎంత పెరిగిందో మనం చెప్పలేం, గురజాడ ఏం చెప్పలేదో అసలే తెలియదు. సాక్షిని ప్రశ్నించాలంటే చేతిలో పత్రాలుండాలి.

మన కాలంలో ఈ పత్రాలే కరవవుతున్నాయి. రచయితల సంభాషణలు గంటల కొద్దీ దృశ్యాలుగా భద్రంగా ఉంటున్నాయి. అదే రచయిత పత్రికలో మొదట అచ్చువేసిన పాఠం, పుస్తకంలోకి వచ్చేటప్పుడు కొట్టేసిన పేజీ, ముగింపు మారిన ప్రతి మాత్రం దొరకడం లేదు. కంప్యూటర్‌లో దిద్దిన వాక్యం వెనక పాత వాక్యం మిగలదు. ఇక్కడికి రచయితలను పిలిచి సభలు పెట్టే సంఘాలు తలచుకుంటే ఈ లోటు కొంత తీర్చగలవు. ఈ పుస్తకం ఎందుకు రాశారని అడగడం మానక్కరలేదు. దానితో పాటు ఇందులో ఏం తీసేశారు, ఎప్పుడు తీసేశారు, ఆ ప్రతి ఉందా అని కూడా అడగాలి. ఉంటే దాని నకలు ఒకటి దాచాలి. మొదటి ప్రశ్నకు రచయిత తన పీఠికనే మళ్లీ చెబుతాడు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మాత్రం తన రచన దగ్గరికి తిరిగి వెళ్లక తప్పదు, మనల్నీ తీసుకువెళ్లక తప్పదు.