ఎందుకో రాసి ఉందా?

పెద్ద ఆఫీసైనా చిన్న ఆఫీసైనా ఇవాళ పని నడిచేది గ్రూపుల్లోనే. హైదరాబాద్ ఐటీ కంపెనీలో అది స్లాక్ లేదా టీమ్స్. మండల కార్యాలయంలో, బడిలో, అంగన్‌వాడీలో వాట్సాప్. అడిగిన వెంటనే జవాబు వస్తుంది, ఫొటో వస్తుంది, సరేనన్న గుర్తు వస్తుంది. ఇంతమంది ఇంత తేలిగ్గా మాట్లాడుకోగలగడం చిన్న విషయమేమీ కాదు. అయితే ఆరు నెలల తర్వాత కొత్తగా చేరిన మనిషి ‘ఈ పని ఇలాగే ఎందుకు చేస్తున్నాం?’ అని అడిగితే ఆ గ్రూపు నుంచి జవాబు రాబట్టడం కష్టం. ఉన్నా అది పండగ శుభాకాంక్షల కింద, ఫార్వర్డుల కింద ఎక్కడో పడి ఉంటుంది. మాట్లాడుకుని తేల్చుకున్నదాన్ని, కారణంతో సహా, ఆ వేళ అక్కడ లేని మనిషికి కూడా దొరికేలా రాసి పెట్టినప్పుడే కలిసి పనిచేయడం పూర్తవుతుంది. ఈ రెండో సగాన్ని మనం వదిలేస్తున్నాం.

మెసేజ్‌లు బాగా నడుస్తున్నాయి కాబట్టి తెలివి కూడా పంచుకుంటున్నామని అనుకోవడం సహజం. 2021లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలిస్తుంది. అమెరికాలోని 61,182 మంది మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు 2020 తొలి ఆరు నెలల్లో ఎవరితో ఎవరు, ఏ మార్గంలో సంప్రదించారో అందులో పరిశీలించారు. అందరూ ఇంటి నుంచి పనిచేయడం మొదలయ్యాక దగ్గరి బృందంలోని సంబంధాలు మరింత బిగిశాయి, బృందాల మధ్య ఉన్న వంతెనలు సన్నబడ్డాయి. అప్పటికప్పుడు మాట్లాడుకోవడం తగ్గి ఈమెయిళ్లు, చాట్లు పెరిగాయి. ఈ తీరులో కొత్త సమాచారం ఒకరి నుంచి ఒకరికి చేరడం కష్టమవుతుందని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. టీమ్స్ తయారుచేసే కంపెనీయే అది. పరికరాలకు కొరత లేదు. గ్రూపు తన లోపలివాళ్లకు బాగానే పనికొస్తుంది. బయటివాళ్లకు, తర్వాత వచ్చేవాళ్లకు అందులోంచి ఏదైనా చేరాలంటే ఎవరో ఒకరు కూర్చుని రాయక తప్పదు.

దూరంగా ఉండటమే అసలు అడ్డంకి అనేవాళ్లకు లినక్స్ కెర్నెల్ అనే సాఫ్ట్‌వేర్ మంచి సమాధానం. ఎన్నో దేశాల నుంచి, ఒకరి ముఖం ఒకరు చూడని వేలమంది దాన్ని కలిసి రాశారు, ఇంకా రాస్తున్నారు. ఆ పని కోసమే, దాన్ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ అనే పరికరం తయారుచేశాడు. పరికరం గొప్పదే, కానీ దాని వెనకున్న కట్టుబాటు నాకు ఇంకా గొప్పగా కనిపిస్తుంది. కోడ్‌లో మార్పు పంపేవాళ్లు ముందు సమస్య ఏమిటో, ఈ మార్పు దాన్ని ఎలా తీరుస్తుందో మామూలు మాటల్లో రాయాలి, కింద తమ పేరు పెట్టాలి. ఆ వివరణ కోడ్‌తో పాటే నిలిచిపోతుంది. పదిహేనేళ్ల తర్వాత కోడ్‌లో ఒక వరుస ఎందుకుందో అర్థం కాని కుర్రవాడు దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో చేర్చారో వెనక్కి వెళ్లి చదువుకోగలడు. రాసినవాళ్లు ఆ పాటికి వేరే ఉద్యోగంలో ఉన్నా ఫరవాలేదు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి మన ప్రభుత్వ కార్యాలయాలకు వచ్చిన టాటెన్‌హామ్ పద్ధతి ఇలాంటిదే. వచ్చిన కాగితం కరెంట్ ఫైల్లోకి, దాని మీద ఆలోచన నోట్ ఫైల్లోకి వెళ్తాయి. పేరాలకు వరుస నంబర్లు, కింద సంతకం, తేదీ. గుమాస్తా నోటుతో సూపరింటెండెంట్ ఏకీభవించకపోతే ఆ మాటా దాని కిందే ఉంటుంది. పని ముగిశాక ఆ ఫైలు ఎంతకాలం ఉండాలో కూడా అప్పుడే తేలుస్తారు: ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 2022 నుంచి 90 రోజులు దాటిన మాటలు కనిపించవు. ఒక ఆఫీసుకు ఏది గుర్తుండాలో ఆఫీసే నిర్ణయించుకోవడానికీ, ఎవరో అమ్మే ప్లాన్ నిర్ణయించడానికీ చాలా తేడా ఉంది.

ఫైలు అనగానే ఎవరికైనా జాప్యమే గుర్తొస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. బల్ల నుంచి బల్లకు తిరిగే ఫైలు వల్ల పింఛను ఆగిపోయిన ఇళ్లు లెక్కలేనన్ని. కానీ ఆలస్యం అనుమతుల మెట్ల వల్ల వచ్చింది. కారణం రాసినందువల్ల రాలేదు. నిర్ణయం ఫోన్లో ఐదు నిమిషాల్లో తీసుకోవచ్చు. తర్వాత ఐదారు వాక్యాలు చాలు: ఏం తేల్చాం, ఎందుకు, దేన్ని వద్దనుకున్నాం, ఎవరు చేస్తారు. వద్దనుకున్నది రాయకపోతే ఏడాది తిరిగేసరికి అదే చర్చ మళ్లీ మొదటికొస్తుంది.

రాస్తే రేపు మెడకు చుట్టుకుంటుందన్న భయం ఇంకా బలమైనది. రాయకపోతే ఎవరి మెడకు చుట్టుకుంటుందో కూడా చూడాలి. నోటిమాటగా ఆదేశించిన అధికారికి ఏ జాడా అంటదు. అమలు చేసిన కింది ఉద్యోగి పేరే కాగితం మీద మిగులుతుంది. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే దారిలో ఉంది. సివిల్ సర్వీసు అధికారులు మౌఖిక ఆదేశాల మీద పనిచేయరాదని, వాటిని రాతలో పెట్టాలని, లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పౌరులకున్న హక్కే దెబ్బతింటుందని కోర్టు అంది. నోట్ ఫైలు నకలును పౌరుడు దరఖాస్తు పెట్టి అడగగలడు. వాట్సాప్‌లో వచ్చి, సాయంత్రానికి తొలగించిన ఆదేశానికి నకలు ఎవరిస్తారు?

ఇంకొక అభ్యంతరాన్ని నేను మిగతా వాటికన్నా ఎక్కువగా పట్టించుకుంటాను. మాట్లాడమంటే చక్కగా మాట్లాడేవాళ్లు చాలామంది ఇంగ్లీషులో రాయమంటే వెనక్కి తగ్గుతారు. వాయిస్ మెసేజ్ వాళ్లకు ఊపిరి పోసింది. రాతను తప్పనిసరి చేస్తే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ల మాటే మళ్లీ చెల్లుతుందన్నది నిజమైన ప్రమాదం. అందుకే ఆ ఐదారు వాక్యాలు తెలుగులోనే ఉండొచ్చని ఆఫీసు ముందే బాహాటంగా చెప్పాలి. మండల కార్యాలయంలో ఇందుకు ఏ అడ్డూ లేదు. హైదరాబాద్ కంపెనీల్లోనూ తెలుగువాళ్లే ఉన్న బృందం తన చర్చ సారాన్ని ముందు తెలుగులో రాసుకుని, బయటికి వెళ్లాల్సినప్పుడు ఇంగ్లీషు చేసుకోవచ్చు. వాయిస్ మెసేజ్ పంపినవాళ్ల మాటను రాతలో పెట్టే పని వంతులవారీగా అందరికీ రావాలి, బృందం నాయకుడితో సహా. లేకపోతే అది ఎప్పటిలాగే గదిలో అందరికన్నా చిన్న ఉద్యోగి మీదో, అక్కడున్న ఒకే ఒక్క మహిళ మీదో పడుతుంది.