వేటకు ముహూర్తం పెట్టే సూది

కెనడా ఉత్తరాన, నునావుట్‌లో, బేకర్ లేక్ ఊరికి దగ్గర కజాన్ నది పారుతుంది. చలికాలం రాకముందే కారిబూ మందలు దాన్ని ఈదుకుంటూ దాటుతాయి. రెయిన్‌డీర్‌నే ఉత్తర అమెరికాలో కారిబూ అంటారు. పూర్వం అక్కడి ఇన్యూట్ వేటగాళ్లు గట్టు మీద తొందరపడేవారు కాదు. ముందు నడిచేవాటిని బెదరగొట్టకుండా నీళ్లలోకి దిగనిచ్చి, మంద నడి ఏటికి వచ్చాక కయాక్‌లలో వెళ్లి బల్లెంతో పొడిచేవారు. చచ్చిన జంతువు తేలుతూనే ఉంటుంది, దాని వెంట్రుకల లోపలంతా గాలే మరి.

వేట గురించి రాసేవాళ్లు చాలామంది ఆ బల్లెం దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే, ఆ వేటకు ముహూర్తం పెట్టింది ఇంట్లో ఆడవాళ్ల చేతిలోని సూది. వసంతంలో వేటాడితే తోలంతా చిల్లులే, ఒక జాతి ఈగ పురుగులు వీపు తొలుచుకుని బయటికొచ్చే కాలం అది. నడి చలికాలంలో వెంట్రుక మరీ పొడుగు, బరువు, పైగా రాలిపోతుంది. చిల్లులు మానిపోయి, కొత్త వెంట్రుక దట్టంగా, పొట్టిగా ఉండేది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. కోటుకు పనికొచ్చే తోలు కావాలంటే అప్పుడే వేటాడాలి.

ఆ కోటులో నాకు బాగా నచ్చింది దాని పొదుపు. చలికాలపు దుస్తులు రెండు పొరలు: లోపలిదాని బొచ్చు ఒంటికి తగిలేలా, పైదాని బొచ్చు బయటికి. రెండింటి మధ్య గాలి నిలుస్తుంది. ముందువైపు గుండీలూ చీలికా ఉండవు, తల మీంచి తొడుక్కోవడమే. చలిగాలికి సందు ఇవ్వకూడదుగా! కాళ్ల తోలు గట్టిది, బొచ్చు పొట్టిది, కాబట్టి అది బూట్లకూ చేతి తొడుగులకూ పోతుంది. కొలతకు టేపు లేదు, కాగితం నమూనా లేదు. కంటితో చూసి, జానతో కొలిచి, ఊలూ అనే అర్ధచంద్రాకారపు కత్తితో తోలువైపు నుంచి కోస్తారు. అలా కోస్తే బొచ్చు తెగదు.

ఇక దారం. వీపు కండను అంటిపెట్టుకుని ఉండే నరపు పట్టీని ఎండబెట్టి, సన్నని పోగులుగా చీలుస్తారు. తడి తగిలితే ఆ పోగు ఉబ్బి, సూది చేసిన రంధ్రాన్ని తనే పూడ్చేస్తుంది. తోలు ఏ జంతువుదో దారమూ ఆ జంతువుదే. ఇంతకన్నా తెలివైన కుట్టు నేనైతే ఎరగను.

నార్వే యాత్రికుడు అముండ్‌సెన్ 1903 నుంచి 1905 దాకా నెట్సిలిక్ ఇన్యూట్‌ల పక్కనే మకాం వేసి, ఈ దుస్తుల గుణం ఒంటి మీదే తెలుసుకున్నాడు. 1911లో దక్షిణ ధ్రువానికి వెళ్లినప్పుడు ఆ పద్ధతి బొచ్చు దుస్తులనే వెంట తీసుకెళ్లాడు.

కుట్టడంతో పని తీరదు. ఇంట్లోకి అడుగుపెట్టే ముందే కోటు మీది మంచును కర్రతో కొట్టి దులపాలి. లేదంటే అది లోపలి వెచ్చదనానికి కరిగి తోలు తడుస్తుంది, తడిసిన చోట బొచ్చు ఊడుతుంది. ఊడితే మళ్లీ మొలవదు. కొత్త తోలుకు వచ్చే ఆగస్టు దాకా ఆగాల్సిందే.