పెచ్చులూడిన గోడ నేర్పే కుట్టు

హైదరాబాద్ పత్తర్‌గట్టీ వెనక సందుల్లో ఇంకా కొన్ని సున్నపు గోడలు మిగిలి ఉన్నాయి. పండగకోసారి, పెళ్లికోసారి వేసిన వెల్ల పొరలు పొరలుగా పేరుకుంది. ఒకచోట పెచ్చు లేచి ఊడిపడితే లోపల నీలం, దాని కింద పసుపు, ఇంకా లోతున ఇటుక. ఊడగా మిగిలిన అంచు గోడను వదిలి కాస్త పైకి లేస్తుంది. దాని కింద సన్నగా నీడ పడుతుంది. ఆ నీడను సూదీదారంతో ఎలా తేవాలి? ఈ ప్రశ్నతో మొదలుపెడితే చేతికుట్టు పువ్వులూ తీగలూ నెమళ్లూ దాటి చాలా దూరం వెళ్తుంది.

నగరాన్ని కుట్టమంటే చాలామంది చార్మినార్ గీసుకుని గీత వెంట కాడ కుట్టు వేస్తారు. చక్కగానే ఉంటుంది, కానీ అది నగరం బొమ్మ. నాకు కావలసింది నగరం ఒంటి మీది చర్మం. ఎవరో సున్నం పూశారు, ఎండకు బీటలు వారింది, వానకు చెమ్మ ఎక్కింది, ఇనుము తుప్పు పట్టింది, మేస్త్రీ వచ్చి ఓ ముద్ద సిమెంటు మెత్తి పోయాడు. గోడకు ఏమేం జరిగాయో గుడ్డకూ అవే జరగనివ్వాలి. నా మటుకు ఈ పనిలో కిటుకంతా ఇక్కడే ఉంది.

పెచ్చుల సంగతే చూద్దాం. అడుగున గోనెపట్టా ముక్క, దాని మీద రంగు వేసిన మంగళగిరి నూలు, అన్నిటికంటే పైన వాడి వాడి మెత్తబడిన పాత పంచె. మూడూ కలిపి వదులుగా టాకాలు వేయాలి. మన ఇళ్లలో బొంత కుట్టేదీ ఇలాగే. పాత చీరలు పరిచి పైనుంచి కిందికి వేసే ఆ మామూలు కుట్టు గుడ్డను అక్కడక్కడా లాగి పట్టి ముడతలు తెస్తుంది. బెంగాల్ కాంతాలో కనిపించే అలల అందం కూడా ఆ లాగుడు వల్ల వచ్చిందే. తర్వాత చిన్న కత్తెరతో పై పొరను మాత్రం వంకరటింకరగా కోసి, అంచు మడవకుండా వదిలేయాలి. గోటితో రెండు మూడు పోగులు లాగేయాలి. అంచుకు కాస్త లోపలగా, గుడ్డ రంగులోనే ఉన్న ఒంటిపోగు దారంతో చిన్న చిన్న కుట్లు వేస్తే అంచు లేచి నిలబడుతుంది. నీడ దానంతటదే పడుతుంది.

అంచు మడవకపోతే పనితనం లేదనేస్తారు. ఇంగ్లండ్‌లోనూ ఈ పట్టింపు ఉండేది. అక్కడి ఎంబ్రాయిడరీ కళాకారిణి రెబెక్కా క్రాంప్టన్ దాన్ని పక్కన పెట్టి, మడవని అంచులూ ఒకదాని మీద ఒకటి పరిచిన పల్చటి గుడ్డలూ ధైర్యంగా వాడారు. ఆమె పుస్తకం ‘మోడర్న్ డిజైన్ ఇన్ ఎంబ్రాయిడరీ’ 1936లో వచ్చింది. లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో ఎంబ్రాయిడరీ నేర్పిన కాన్‌స్టాన్స్ హోవర్డ్ 1966లో ‘ఇన్‌స్పిరేషన్ ఫర్ ఎంబ్రాయిడరీ’ రాశారు. డిజైను పుస్తకాల్లోంచి కాక, చుట్టూ కనిపించే వస్తువుల్లోంచి పుట్టాలన్న దారి అలా బలపడింది.

వీధిలో దొరికిన ఆకృతిని ఇంటికి తెచ్చుకోవడానికి ఫొటో ఒక్కటే చాలదు. పల్చటి కాగితం మ్యాన్‌హోల్ మూత మీద పెట్టి, చిన్నప్పుడు నాణెం మీద రుద్దినట్టు పెన్సిల్‌తో రుద్దితే ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది చేతికి తెలుస్తుంది. కుట్టుకు కావలసింది ఆ ఎత్తుపల్లాలే. రంగు తర్వాత చూసుకోవచ్చు.

గరుకు ప్లాస్టరింగుకు ఫ్రెంచ్ నాట్. లచ్చిలోని దారం ఆరు పోగులుగా విడిపోతుంది కదా, ఒక పోగుతో కొన్ని, మూడింటితో కొన్ని, ఆరింటితో కొన్ని ముడులు వేయాలి. ముడి పెద్దది కావాలంటే పోగులు పెంచండి, సూదికి చుట్లు పెంచకండి. మూడు నాలుగు చుట్లు చుడితే ముడి పక్కకు వాలిపోతుంది. తారు రోడ్డు బీటకు కాడ కుట్టు మరీ నునుపు. బీట అంత అందంగా వంపు తిరగదు. పురికొసను గుడ్డ మీద పరిచి, ఒంటిపోగు దారంతో అక్కడక్కడా కట్టి పెడితే కట్టిన చోటల్లా చటుక్కున మలుపు తిరుగుతుంది. గోడ అడుగున ఎగబాకే చెమ్మకు కాజా కుట్టు నాకు చాలా ఇష్టం. కాళ్లు సమానంగా ఉండాలన్న నియమాన్ని వదిలేసి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వేస్తే నీరు ఎక్కడిదాకా పాకి ఆగిందో ఆ గీత వచ్చేస్తుంది.

తుప్పు దగ్గరికొచ్చేసరికి మనకు శ్రీకాళహస్తి ఉండనే ఉంది. కలంకారీ నలుపు తుప్పులోంచే పుడుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన కసింకారం అది. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద కలం ఆనించగానే నలుపు తేలుతుంది. కరక్కాయలోని వగరు పదార్థం, ఇనుము కలిస్తే వచ్చే రంగు ఇది. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. ఇదే ఇంట్లో చేసి చూడవచ్చు. నూలు గుడ్డను వెనిగర్ నీళ్లలో తడిపి, పాత మేకులు, వాషర్లు చుట్టి, ఆరకుండా ప్లాస్టిక్ కవర్లో పెడితే ఒకటి రెండు రోజుల్లో షట్టర్ అడుగున కనిపించే ఆ ఎర్రటి గోధుమరంగు మరకలు దిగుతాయి. గుడ్డలో సగభాగాన్ని ముందే కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టుకుంటే ఆ సగం బూడిదరంగుకూ నలుపుకూ తిరుగుతుంది. తర్వాత వంటసోడా నీళ్లలో జాడించి, మంచినీళ్లలో బాగా ఉతకాలి. ఇనుము గుడ్డలో ఉండిపోయి ఏళ్లు గడిచేకొద్దీ పోగును తింటుంది. అందుకని అమ్మమ్మ చీరల మీద ఈ ప్రయోగం వద్దు. మరక పడ్డ గుడ్డ వెనక గట్టి నూలు గుడ్డ ఒకటి ఆనించి, రెండూ కలిపి కుట్టడం మంచిది.

ఇంత చెప్పినా, పాత కుట్టు చేతికి బాగా పట్టుబడనిదే ప్రయోగం నిలవదు. లంబాడీ ఆడవాళ్ల పని చూడండి. రకరకాల ముక్కలు కలిపి, అతుకుల మీద కుట్టు మీద కుట్టు వేసి, అద్దాలూ గవ్వలూ బిగించిన ఆ గుడ్డ ఏళ్ల తరబడి ఒంటి మీద మన్నుతుంది. కిలన్, వేలె, మాకి అంటూ ప్రతి కుట్టుకూ వాళ్లకో పేరుంది. ఏ కుట్టు ఎంత లాగుతుందో, ఎంత బరువు మోస్తుందో వాళ్ల వేళ్లకు తెలుసు. కాజా కాళ్లు సమానంగా వేయగలిగిన చేయి వాటిని కావాలని ఎగుడుదిగుడుగా వేస్తే గోడ కనిపిస్తుంది. రాని చేయి వేస్తే చెడిన కాజాయే కనిపిస్తుంది.

పూర్తయిన ముక్కను తిన్నగా ఇస్త్రీ చేస్తే పడిన కష్టమంతా అణిగిపోతుంది. మందపాటి టవల్ మీద బోర్లా వేసి వెనక నుంచి తేలికగా ఆవిరి పట్టాలి. అద్దం ఫ్రేములోనూ బిగించవద్దు. కిటికీ పక్క గోడకు, వెలుతురు ఏటవాలుగా పడేచోట తగిలించి, వచ్చినవాళ్లను ముట్టుకోనివ్వండి.