చాపకూడు రాజ్యాంగమా? పల్నాటి వీరకథ – రోమన్ గణతంత్ర చింతన

పల్నాటి వీరచరిత్ర విమర్శలో బ్రహ్మనాయుడి చాపకూడు సమసమాజ ఆదర్శంగా తరచు ప్రశంస పొందింది. ఆ ప్రశంస న్యాయమైనదే. అయితే సహపంక్తి భోజనాన్ని ఆదర్శ రాజ్యవ్యవస్థగా కూడా గ్రహించవచ్చునా? రోమన్ గణతంత్ర చింతనతో పోల్చి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు పోలీబియస్ రోమ్ బలానికి మిశ్రమ రాజ్యాంగం కారణమన్నాడు. కాన్సుళ్లలో రాజరికం, సెనేట్‌లో కులీనపాలన, ప్రజాసభల్లో ప్రజాస్వామ్యం అతనికి కనిపించాయి. ఒక అంగం హద్దు మీరితే తక్కినవి అడ్డుకుంటాయి. క్రీ.పూ. 50ల దశకంలో సిసెరో ‘దె రె పుబ్లికా’లో రాజ్యం ప్రజల సొత్తని నిర్వచించాడు, న్యాయంపై అంగీకారం, ఉమ్మడి ప్రయోజనం ఉన్న సమూహమే అతని దృష్టిలో ప్రజలు. ఏటా మారే ఇద్దరు కాన్సుళ్లు, నిషేధాధికారం గల ట్రిబ్యూన్లు అనే ఏర్పాట్ల సారం ఒక్కటే: రాజ్యం పాలకుని మంచితనం మీద మాత్రమే ఆధారపడరాదు.

శ్రీనాథుని ద్విపదలోను, వీరవిద్యావంతుల గానంలోను నిలిచిన పల్నాటి కథ ఇందుకు భిన్నం. కన్నమదాసు సేనానాయకుడు, బాలచంద్రుని సహచరులు వివిధ కులాలవారు. ఈ సమత బ్రహ్మనాయుడనే వ్యక్తి సంకల్పఫలం. గురజాల, మాచర్ల దాయాదుల వివాదాన్ని తీర్చవలసి వచ్చినపుడు ఆ సమతకు నిర్ణయాధికారం లేదు. తీర్పు కోడిపందానికి దక్కింది. ఓడినవారికి వనవాసం తప్పలేదు. గడువు తీరాక రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. నాగమ్మ కుటిలతే దీనికంతటికీ మూలమనడం సులభం. ఒక మంత్రి కుటిలతను ఆపగల అంగమేదీ ఆ రాజ్యంలో లేకపోవడం అంతకన్నా లోతైన కారణం.

రోమ్‌ను కొలబద్దగా నిలిపి పల్నాటిని తక్కువ చేయడం ఈ పోలిక ఉద్దేశం కాదు. రోమన్ శతక సభలో ధనికుల ఓటుకే బరువెక్కువ. బానిసలకు చోటే లేదు. అక్కడ పదవికి హద్దుంది, పంక్తిలో సమత లేదు. ఇక్కడ పంక్తిలో సమత ఉంది, పదవికి హద్దు లేదు. పదవులకున్న హద్దులు చెరిగినపుడు రోమ్ కూడా అంతర్యుద్ధాల పాలైంది.

కారంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరారాధనోత్సవాలు చాపకూడునూ కోడిపోరునూ కలిపే స్మరిస్తాయి. విమర్శ మాత్రం మొదటిదాన్ని కీర్తించి, రెండవదాన్ని విధివిలాసమని వదిలివేసింది. రెండింటినీ ఒకే రాజకీయ పాఠంగా చదివినపుడే ఈ వీరకథ విషాదం పూర్తిగా బోధపడుతుంది.