సుల్తాన్ ఏం ఆలోచించి ఉంటాడు?

టెట్‌కో డీఎస్సీకో చదివిన వాళ్ళెవర్నైనా అర్ధరాత్రి లేపి అడగండి. కోహ్లర్ అనగానే సుల్తాన్ అంటారు, సుల్తాన్ అనగానే అంతర్దృష్టి అభ్యసనం అంటారు. థార్న్‌డైక్‌కి పిల్లి, పావ్‌లోవ్‌కి కుక్క, కోహ్లర్‌కి చింపాంజీ. జతపరచుము. నేనూ అలాగే బట్టీ పట్టాను. బోనులో చింపాంజీ, బయట అరటిపండు, చేతిలో రెండు కర్రలు. కాసేపు ఆలోచించి, హఠాత్తుగా మెరుపు మెరిసినట్టు రెండు కర్రలూ కలిపేసి పండు లాక్కుంది. ఒక మార్కు.

చాలా ఏళ్ళ తర్వాత, జె. ఎం. కూట్సీ రాసిన 'ద లైవ్స్ ఆఫ్ యానిమల్స్' చదువుతుంటే మళ్ళీ ఈ సుల్తానే ఎదురొచ్చాడు. ఈసారి కోపంగా ఉన్నాడు. ఇద్దరు సుల్తాన్‌లలో ఎవరు అసలు అని తేల్చుకోవడానికి కోహ్లర్ పుస్తకమే తెచ్చుకుని చదివాను. 1917లో జర్మన్‌లో వచ్చింది. ఎల్లా వింటర్ ఇంగ్లీషు అనువాదం 'ద మెంటాలిటీ ఆఫ్ ఏప్స్' 1925 నాటిది. చదివాక నాకు అర్థమైంది ఏంటంటే, గైడూ కూట్సీ ఇద్దరూ ఈ పుస్తకానికి ఎంతో కొంత అన్యాయం చేశారు. గైడు ఎక్కువ చేసింది.

నేపథ్యం క్లుప్తంగా. ప్రష్యన్ సైన్స్ అకాడమీ కానరీ దీవుల్లోని టెనెరిఫ్‌లో ఒక పరిశోధనా కేంద్రం పెట్టింది. కోహ్లర్ 1913 చివర్లో అక్కడికి వెళ్ళాడు. మరుసటి ఏడు యుద్ధం మొదలైంది, అక్కడే చిక్కుకుపోయాడు. 1920 దాకా కదల్లేదు. చేతిలో గుప్పెడు చింపాంజీలు, బోలెడంత సమయం. (గూఢచారి పని కూడా చేశాడని 1990లో ఒకాయన పుస్తకమే రాశాడు. ఆ గొడవ మనకొద్దు.)

గైడులో లేని మొదటి సంగతి: మెరుపు అంత త్వరగా మెరవలేదు. సుల్తాన్ గంటకు పైగా తంటాలు పడ్డాడు. ముందు ఒక్కో కర్రతో ప్రయత్నించాడు, అందలేదు. తర్వాత ఏ సంబంధమూ లేకుండా ఒక పెట్టె లాక్కొచ్చాడు. ఆపైన ఒక కర్రను నేలమీద పెట్టి, రెండో కర్రతో దాన్ని ముందుకు తోసుకుంటూ వెళ్ళి పండుకు తగిలించాడు. పండు రాలేదు, కానీ తగిలింది. కోహ్లర్ దీన్ని 'మంచి తప్పు' అంటాడు. ఈ మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మన బళ్ళల్లో తప్పుకి ఒకటే రంగు, ఎరుపు. ఎదురుగా ఉన్న ప్రాణి తప్పు చేస్తున్నప్పుడు అది తెలివైన తప్పా, తెలివితక్కువ తప్పా అని చూడ్డానికి ఎంత ఓపిక కావాలి!

కోహ్లర్ సాయం కూడా చేశాడు. బోలుగా ఉన్న కర్ర చివర్లో తన వేలు దూర్చి చూపించాడు. ఫలితం లేదు. విసిగి వెళ్ళిపోయాడు. అసలు ఘట్టం ఆయన చూడనేలేదు. చూసినవాడు కాపలాదారు. పండు సంగతే పట్టనట్టు పెట్టె మీద కూర్చున్న సుల్తాన్ కర్రలతో ఊరికే ఆడుకుంటున్నాడట. రెండూ ఒకే వరసలోకి వచ్చాయి. సన్నది లావుదాని నోట్లో దూరింది. అంతే, ఎగిరి ఊచల దగ్గరకు పరుగు. తర్వాతి సంగతి నాకు మరీ ఇష్టం. పండు లాక్కున్నాక తినడానికైనా ఆగకుండా, అందినవన్నీ కర్రతో లోపలికి లాగుతూనే ఉన్నాడట.

దీన్ని మెరుపు అనొచ్చా? ఆట అనొచ్చా? చింపాంజీలు ఏ బహుమతీ లేకపోయినా కర్రల్ని ఒకదాంట్లో ఒకటి దూరుస్తాయని 1952లో పాల్ షిల్లర్ రాశాడు. అంతకు ముందే, 1945లో, హెర్బర్ట్ బర్చ్ కర్రలతో పరిచయం లేని చింపాంజీలు తడబడటమూ, కొద్దిరోజులు వాటితో ఆడుకున్నాక అవే సులువుగా నెగ్గడమూ చూపించాడు. 1984లో ఎప్స్టీన్ బృందం పావురాలకి పెట్టె తొయ్యడం ఒకటి, పెట్టెక్కి పొడవడం ఒకటి విడివిడిగా నేర్పితే, అవి రెంటినీ తామే కలుపుకుని బొమ్మ అరటిపండుని పొడిచాయి. అంటే అంతర్దృష్టి వెనక గతం ఉంది. పరీక్షల్లో మనం దేన్నైతే యత్నదోష అభ్యసనానికి పూర్తి విరుద్ధమని రాసి వచ్చామో, అది అంత విరుద్ధమేమీ కాదు. అయితే కోహ్లర్ థార్న్‌డైక్ మీద వేసిన ప్రశ్న మాత్రం ఇవాళ్టికీ చెల్లుతుంది: గడియ ఎలా పనిచేస్తుందో పిల్లికి కనపడకుండా దాచేసి, పిల్లికి అర్థం చేసుకునే శక్తి లేదని తేల్చడం ఏం న్యాయం? పేపరు సెట్ చేసేవాళ్ళంతా ఒకసారి ఆలోచించాల్సిన మాట.

ఇక కూట్సీ. 1997లో ప్రిన్స్‌టన్‌లో ఉపన్యాసాలివ్వమంటే ఆయన ఉపన్యాసానికి బదులు కథ చదివాడు. అందులో ఎలిజబెత్ కాస్టెల్లో అనే ముసలి రచయిత్రి ఉపన్యాసం ఇస్తుంది. ఆవిడ సుల్తాన్ తలలోకి దూరుతుంది. నిన్నటిదాకా పండు చేతికిచ్చినవాడు ఇవాళ పైన ఎందుకు వేలాడదీశాడు? నా మీద కోపమా? నేనేం చేశాను? ఇవేవీ సరైన ఆలోచనలు కావు. పెట్టెల మీద పెట్టెలు ఎలా పెట్టాలి అన్నదొక్కటే సరైన ఆలోచన. ప్రతి మలుపులోనూ ప్రయోగం సుల్తాన్‌ని పెద్ద ప్రశ్న నుంచి చిన్న ప్రశ్నకు నెడుతోందని ఆవిడ ఆరోపణ. నిజంగా గొప్ప పేజీలు. అవి చదివాక ఏ తెలివితేటల పరీక్షనూ మునుపటిలా చూడలేం. ఎంసెట్ కోచింగ్‌లో కూర్చున్న పిల్లాడు కూడా 'నన్నిక్కడ ఎందుకు పెట్టారు' అన్న ప్రశ్నను పక్కనపెట్టే కదా బిట్లు చేస్తాడు.

కాఫ్కా కథనీ ఆవిడ ముందుకు తెస్తుంది. అకాడమీకి నివేదిక ఇచ్చే రెడ్ పీటర్ అనే వానరం కథ. అదీ 1917లోనే వచ్చింది. ఓడలో బోనులో ఉన్న రెడ్ పీటర్ స్వేచ్ఛ కోరడు, బయటపడే దారి ఒకటి కావాలంటాడు, దానికోసమే కరచాలనమూ సారా తాగడమూ నేర్చుకుంటాడు. సుల్తాన్ పక్కన పెట్టి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది.

కానీ కోహ్లర్ మంచివాడేగానీ కవి కాడు అని కాస్టెల్లో తీర్పు చెబుతుంది చూడండి, అక్కడ నాకు పేచీ. చింపాంజీలు తాళ్ళూ గుడ్డపేలికలూ ఒంటిమీద వేసుకుని గుండ్రంగా తిరుగుతూ నాట్యం చేసిన ఘట్టాన్ని కవి అయితే ఏదో చేసి ఉండేవాడంటుంది. అమ్మా, ఆ నాట్యం నీకు తెలిసింది ఎవరివల్ల? కోహ్లరే కదా చూసి, మురిసి, రాసిపెట్టింది! ఇంగ్లీషు అనువాదం చివర చేర్చిన వ్యాసం చదవండి. ఒంటరిగా ఉంచిన చింపాంజీ అసలు చింపాంజీయే కాదన్నంత మాట అంటాడు. పుస్తకంలో ఇంకోచోట చింపాంజీలు తమ రొట్టెముక్కల్ని కంచెలోంచి కోళ్ళకు పెడతాయి, మరుక్షణం కర్రతో పొడుస్తాయి. దయా కొంటెతనమూ ఒకే చేతిలో. ఇదంతా రాసినవాడికి సుల్తాన్ ఒక సమస్యాపూరణ యంత్రంగా మాత్రమే కనిపించాడంటే నేను నమ్మను.

కోహ్లర్‌ని తప్పు పట్టాల్సింది వేరేచోట. పెట్టెల మీద పెట్టెలు పేర్చేటప్పుడు చింపాంజీలకు నిలకడ లెక్క తెలీదని పేజీలకు పేజీలు రాస్తాడు. గ్రాండే నాలుగు పెట్టెలు పేర్చిన కట్టడం ఒరిగిపోతూ ఉంటుంది, అది కూలేలోపు ఒంటిని సర్దుకుంటూ పైకెక్కి పండు తెంపేస్తుంది. ఇది తెలివిలో లోపమని ఆయన లెక్క. చెట్లమీద, ఊగే కొమ్మలమీద బతికే ప్రాణికి వంటికున్న తూకం చాలు కదా, పెట్టెకెందుకు? అడవిలో చింపాంజీని ఆయన చూడలేదు. 1960లో గోంబేలో జేన్ గుడాల్ పుల్లతో చెదల్ని పట్టుకుంటున్న చింపాంజీలను చూశాక గానీ, వాటి ప్రశ్నలు వాటికే ఉంటాయని మనకు తెలియలేదు. బోను గురించి, అక్కడికి అవి ఎలా వచ్చాయన్న దాని గురించి కోహ్లర్ దాదాపు మాట్లాడడు. 1933లో యూదు ఆచార్యులను తొలగిస్తున్నప్పుడు పత్రికలో పేరు పెట్టి నిరసన రాసిన మనిషి ఆయన. ధైర్యం లేక ఊరుకున్నాడనలేం. ఆ ప్రశ్న తట్టలేదు, అంతే.

1920లో కేంద్రం మూసేసినప్పుడు మిగిలిన చింపాంజీలను బెర్లిన్ జూకి పంపేశారు.