ముందు వెన్ను, తర్వాత బరువు

ఫుజైరాలో జిమ్‌కి వచ్చే మన తెలుగువాళ్లు చేరిన రోజున అడిగేది ఒక్కటే: "పొట్ట తగ్గాలి మేడమ్." ఓడరేవు పక్కన చమురు ట్యాంకుల దగ్గర షిఫ్టులు చేసేవాళ్లు, కొండల్ని చీల్చుకుంటూ వెళ్లే షేక్ ఖలీఫా హైవే మీద దుబాయ్‌కి బండి నడిపేవాళ్లు, పిల్లల్ని బడికి పంపి ఫ్లాట్‌లోనే ఉండిపోయే ఆడవాళ్లు... ఎవరి కోరికైనా అదే. పొట్టను ఒక్కదాన్నే కరిగించే వ్యాయామం లేదు. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పి, మనిషి నిలబడే తీరు, నడిచే తీరు చూసి పని మొదలుపెట్టే శిక్షకుల గురించే ఈ వ్యాసం. పిలాటిస్‌నీ, బరువులతో చేయించే పర్సనల్ ట్రైనింగ్‌నీ ఒంటిచేత్తో నడిపించేవాళ్లు వీళ్లు.

ఇలా మనిషిని బట్టి వ్యాయామం చెప్పడం కొత్త ఫ్యాషన్ అనుకుంటారు. కాదు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం, రికెట్స్‌తో బాధపడ్డాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇంగ్లండ్‌లో ఉన్నాడు. జర్మన్ కాబట్టి ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని శిబిరంలో నిర్బంధించారు. 1926లో న్యూయార్క్ చేరి, సహచరి క్లారాతో కలిసి ఎనిమిదో అవెన్యూలో స్టూడియో నడిపాడు. తన పద్ధతికి తను పెట్టుకున్న పేరు కంట్రాలజీ. 1945లో వచ్చిన పుస్తకంలో మ్యాట్ మీద చేసే వ్యాయామాలు 34 ఉన్నాయి. అయితే ఆ స్టూడియోలో అందరూ ఒకే వరసన ఒకే వ్యాయామం చేసేవాళ్లు కాదు. దెబ్బ తగిలిన నాట్యకారిణికి ఒక క్రమం, కుర్చీలో కూర్చుని పనిచేసే గుమాస్తాకి మరొకటి. మన విజయనగరం తాలింఖానాలో (వ్యాయామశాలలో) ఎదిగిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు కూడా దాదాపు ఆ కాలంవాడే. మన వ్యాయామశాలల్లో గురువు శిష్యుడి ఒళ్లు చూసే దండీలు, బస్కీలు ఎన్నో చెప్పేవాడు.

ఇప్పుడు ఒక్క వ్యాయామాన్ని దగ్గరగా చూద్దాం. రోల్-అప్. వెల్లకిలా పడుకుని, చేతులు ముందుకు చాపి, తలతో మొదలుపెట్టి ఒక్కో వెన్నుపూసనూ నేల మీంచి విడదీస్తూ లేచి కూర్చోవాలి. రోజూ గంటలకొద్దీ స్టీరింగ్ ముందు కూర్చునే డ్రైవర్‌ని చేయమనండి. తల లేస్తుంది, భుజాలు లేస్తాయి. నడుము దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. మడమలు గాల్లోకి లేస్తాయి, లేకపోతే చేతులు విసిరి ఆ ఊపుతో లేస్తాడు. నడుము కింది భాగం బిగుసుకుని ఒకే ముక్కగా కదులుతోందనీ, పొట్ట చేయాల్సిన పనిని తొడల పైకండరాలు లాక్కున్నాయనీ శిక్షకురాలికి ఆ రెండు క్షణాల్లో తెలిసిపోతుంది. మోకాళ్లు మడిచి, తొడల వెనక పట్టుకుని నెమ్మదిగా లేవమంటుంది.

తర్వాత అదే మనిషి చేతికి పిడి ఉన్న ఇనుప బరువు, కెటిల్‌బెల్ ఇచ్చి, నేల మీంచి బరువెత్తే డెడ్‌లిఫ్ట్ నేర్పుతుంది. ఇక్కడ వెన్ను ముడుచుకోకూడదు, తుంటి దగ్గరే వంగాలి. రోల్-అప్‌లో కదలడం నేర్చుకున్న వెన్ను ఇప్పుడు బరువు కింద కదలకుండా నిలవడం నేర్చుకుంటుంది. ఫుజైరాలో జరిగే ఎద్దుల పోటీల్లో రెండు ఎద్దులు తలలు కలిపి తోసుకుంటున్నప్పుడు మెడ నుంచి తుంటి దాకా వెన్ను ఎలా బిగుస్తుందో, ఇదీ అంతే. సెలవుకి ఊరెళ్లేటప్పుడు ముప్పై కిలోల సూట్‌కేసు ఎత్తే మనిషికి ఆ కదలికా కావాలి, ఈ నిలకడా కావాలి.

ఊపిరి దగ్గర మాత్రం ఈ రెండు పద్ధతులకీ పొత్తు కుదరదు. పిలాటిస్‌లో గాలిని పక్కటెముకల పక్కలకీ వీపులోకీ నింపి, కష్టపడేటప్పుడు వదులుతారు. హండ్రెడ్ అనే వ్యాయామంలో చేతులు ఆడిస్తూ అయిదు లెక్కలు పీల్చి, అయిదు లెక్కలు వదలాలి. అలా పదిసార్లు. పెద్ద బరువు ఎత్తేవాళ్లు పొట్టనిండా గాలి పీల్చి బిగబడతారు. లోపలి ఒత్తిడి వెన్నుకి ఆసరా అవుతుంది. రెండూ సరైనవే, సందర్భమే వేరు. బీపీ ఉన్నవాళ్ల చేత ఊపిరి బిగబట్టించకూడదు. బరువు తగ్గించి, "ఎత్తేటప్పుడు వదలండి అన్నా" అని ప్రతిసారీ గుర్తు చేయాలి.

వరస కూడా ముఖ్యమే. మొదటి పది నిమిషాల పిలాటిస్ పొట్ట, నడుము కండరాల్ని మేలుకొలపాలి, అలసిపోనివ్వకూడదు. అలిసిన నడుముతో బరువు దగ్గరికి పంపడం ప్రమాదం. కష్టమైన మ్యాట్ పని చివర్లోకో, వేరే రోజుకో మార్చాలి. ముప్పావు గంటలో రెండూ కుక్కి, చెమట పట్టించి పంపే క్లాసులు నాకు నచ్చవు. వాటిలో రెండిటికీ న్యాయం జరగదు.

స్ప్రింగులకి కట్టిన, జారే పలక (క్యారేజ్) ఉన్న పిలాటిస్ పరికరం రిఫార్మర్. దాని మీద ఇంకో విశేషం ఉంది. స్ప్రింగులు తగ్గిస్తే తేలికవుతుందని అందరూ అనుకుంటారు. పాదాలతో తోసేటప్పుడు నిజమే. క్యారేజ్ మీద ప్లాంక్ చేసేటప్పుడు స్ప్రింగు తగ్గేకొద్దీ అది జారిపోతుంది, ఒంటిని ఆపే పని మొత్తం మనదే అవుతుంది.

పిలాటిస్‌తోనే అన్నీ అయిపోతాయని చెబితే నమ్మకండి. నడుం నొప్పి మీద 2015లో వచ్చిన కోక్రేన్ సమీక్ష, ఏమీ చేయకపోవడం కంటే పిలాటిస్ మేలు కావచ్చంది గానీ, ఇతర వ్యాయామాల కంటే గొప్పదని తేల్చలేదు. కండ పెరగాలన్నా, ఎముక గట్టిపడాలన్నా క్రమంగా పెరిగే బరువు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో కండరాల వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు ఉండాలంది. నలభై దాటిన మన అక్కలకి ఇది మరీ అవసరం, డంబెల్ అంటే భయపడేదీ వాళ్లే. ఎముకలు పలచబడినవాళ్లకి రోల్-అప్ లాంటి, వెన్నును ముందుకు వంచే వ్యాయామాలు ఇవ్వకూడదు. కాన్పు తర్వాత పొట్ట మధ్య కండరాలు విడిపోయినవాళ్లు హండ్రెడ్‌లో తల ఎత్తితే పొట్ట మధ్యలో గట్టులా ఉబ్బుతుంది. అది కనిపిస్తే తల దించేయమనాలి.

ఎండాకాలం ఒమన్ గల్ఫ్ ఉక్కపోతలో పగలు బయట నడిచే వీల్లేదు. అందుకే ఫుజైరా జనం ఏసీ గదుల్లోకి వస్తారు. చేరే ముందు శిక్షకుల్ని అడగండి: వ్యాయామ శిక్షకుల రిజిస్టరు రెప్స్ యూఏఈలో నమోదయ్యారా, పిలాటిస్ ఎక్కడ నేర్చుకున్నారు? పరికరాలన్నిటి మీదా నేర్పే పూర్తి శిక్షణ సాధారణంగా 450 గంటలు, ఆపైన ఉంటుంది, రెండు రోజుల కోర్సు దానికి సాటి రాదు. మీ పాత నొప్పుల గురించి, ఆపరేషన్ల గురించి, బీపీ మాత్రల గురించి వాళ్లే ముందు అడిగితే ఆ జిమ్‌లో చేరండి.