కేంద్రం తెలిసిన చెయ్యి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలు బెంగళూరు పీణ్యకో, హోసూరుకో పనికి పోవడం మనకు కొత్త కాదు. వాళ్లలో సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ ముందు నిలబడేవాళ్లూ ఉంటారు. అలాంటి పిల్లలకు నేర్పేటప్పుడు నేను ఒక విషయంలో పట్టుబడతాను. వంపు ప్రోగ్రాము చేత్తో రాయడం రావాలి. అదీ ఆర్‌తో కాదు, ఐ, జెలతో.

సరళరేఖకు చివరి బిందువు చెబితే చాలు. వంపుకు చాలదు. గడియారం ముల్లు దిశలో తిరగాలంటే జి02, ఎదురు దిశలో అయితే జి03 రాసి, చివరి బిందువు ఇచ్చి, వ్యాసార్థమో కేంద్రమో చెప్పాలి. వ్యాసార్థానికి ఆర్. కేంద్రమైతే, వంపు మొదలైన చోటి నుంచి అది ఎక్స్ వైపు ఎంత దూరమో ఐ, వై వైపు ఎంత దూరమో జె చెబుతాయి. గుంజకు కట్టిన పుంగనూరు దూడను తలచుకోండి. ఆర్ పలుపు పొడవు చెబుతుంది. ఐ, జెలు గుంజ పాతిన చోటు చూపిస్తాయి.

ఒక ప్లేటు మూలను 10 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రం చేయాలనుకోండి. కట్టర్ ఎక్స్40 వై0 దగ్గర ఉంది; ఎక్స్50 వై10కి చేరాలి. జి03 ఎక్స్50 వై10 ఆర్10 అన్నా, జి03 ఎక్స్50 వై10 ఐ0 జె10 అన్నా కోత ఒకటే. పొరపాటు పడినప్పుడే తేడా బయటపడుతుంది. ఆర్10 బదులు ఆర్12 కొడితే మెషిన్ మారుమాట్లాడకుండా కోసేస్తుంది. వంపు గీతతో కలిసే చోట నొక్కు మిగులుతుంది, జాబ్ పోతుంది. జె10 బదులు జె12 కొడితే మాత్రం కేంద్రం నుంచి మొదటి బిందువు 12, చివరి బిందువు సుమారు 10.2 దూరంలో పడతాయి. లెక్క పొసగక చాలా కంట్రోలర్లు అలారం ఇచ్చి ఆగిపోతాయి. కేంద్రం చెప్పినవాడి తప్పును మెషినే పట్టిస్తుంది. పైగా పూర్తి వృత్తం ఆర్‌తో రాయలేం; మొదలూ చివరా ఒకటే అయినప్పుడు కేంద్రం చెప్పక తప్పదు.

డ్రాయింగు నుంచి ప్రోగ్రాము తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ ఉండగా ఈ కష్టమెందుకని పిల్లలు అడుగుతారు. అచ్చుల మీది వంకర ఉపరితలాలకు క్యామ్ కావాల్సిందే. కానీ వంపును వంపుగా ఇవ్వమని చెప్పకపోతే అది చిన్నచిన్న గీతలుగా ముక్కలు చేయవచ్చు. 50 మిల్లీమీటర్ల వ్యాసార్థమున్న వృత్తాన్ని 0.01 మిల్లీమీటరు తేడాకు లోబడి కోయాలంటే ఒక్కో గీత దాదాపు 2 మిల్లీమీటర్లు. మొత్తం దాదాపు 158 గీతలు. చేత్తో రాస్తే ఒక్క వరుస. రాత్రి షిఫ్టులో కొలత మార్చాల్సి వస్తే ఆ ఒక్క వరుసను దిద్దగలిగినవాడే పని నిలబెడతాడు.

లోపలి వంపు దగ్గర ఇంకో లెక్కుంది. వంపు వ్యాసార్థం 20 మిల్లీమీటర్లు, కట్టర్ వ్యాసార్థం 8 అయితే కట్టర్ కేంద్రం తిరిగేది 12 వ్యాసార్థం మీదే. కంట్రోలర్ ఆ కేంద్రం వేగాన్నే పట్టించుకుంటే, గోడ దగ్గర నిమిషానికి 300 మిల్లీమీటర్ల ఫీడ్ కావాలన్నప్పుడు ప్రోగ్రాములో 180 ఇవ్వాలి. కేంద్రం ఎక్కడుందో తెలిసిన పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

మన ఐటీఐ, పాలిటెక్నిక్ గురువులకు నా వినతి ఇదే. మెషిన్ మీద వంతు దొరకడం ఆలస్యమైనా గ్రాఫ్ కాగితం, వృత్తలేఖిని, పెన్సిలు ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి. ముందు వాటితో కేంద్రాన్ని గుర్తించనివ్వండి, ఐ, జెలు రాయనివ్వండి. అది చేతికొచ్చిన పిల్లలు ఏ ఊరి షాపుకెళ్లినా బటన్ నొక్కే పనితో ఆగిపోరు. ప్రోగ్రాము దిద్దే పనివాళ్లుగా తగిన జీతం అడగగలుగుతారు.